ఇంగ్లండులో పాప బాప్తిస్మం: గాడ్‌పేరెంట్స్ విషయంలో వికార్ గారు పెట్టిన షరతులు సరైనవేనా?

లెస్టర్_లావణ్య

పాపకి ఏడో నెల. మా పుట్టింటి వాళ్ళు బందరు సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), మావారి వైపు ఒంగోలు బాప్టిస్టులు. ఇక్కడ ఇంటి దగ్గరున్న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చిలో బాప్తిస్మం అడిగాం. వికార్ (ఆ చర్చి గురువు) గారు సంతోషంగానే ఒప్పుకున్నారు గానీ మూడు మాటలు చెప్పారు. మేం గాడ్‌ఫాదర్‌గా అనుకున్న మావారి ప్రాణ స్నేహితుడు హిందువు కాబట్టి కుదరదట. తల్లిదండ్రులు, గాడ్‌పేరెంట్స్ అందరూ రెండు సాయంత్రాలు క్లాసుకి రావాలట. మేం హాల్ బుక్ చేసుకున్న శనివారం మధ్యాహ్నం కాదు, ఆదివారం పొద్దున అందరి ఆరాధనలోనే ఇస్తారట.

ఊళ్ళో అయితే అయ్యగారికి ఒక మాట చెబితే అయిపోయేది. ఇవి నిజంగా రూల్సా, లేక ఆయన సొంత పట్టింపులా? అసలు గాడ్‌పేరెంట్ చేయాల్సింది ఏమిటి? అటు అత్తగారి వైపు "పసిపిల్లకి బాప్తిస్మం ఏంటి" అంటున్నారు, అది ఇంకో తలనొప్పి.

గంటస్తంభం

మూడింటిలో ఒకటి గట్టి రూలు, ఒకటి రూలు ఆయనకిచ్చిన అధికారం, ఒకటి చర్చి కోరుకునే పద్ధతి. విడదీసి చెబుతాను.

గాడ్‌పేరెంట్ బాప్తిస్మం పొందినవారై ఉండాలి. ఇది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కానన్ (సంఘ నియమం) బి 23. ఇందులో వికార్‌కి గానీ బిషప్‌కి గానీ సడలింపు లేదు. అదే కానన్ కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక బిషప్ చేతులుంచి స్థిరపరచడం) కూడా అయి ఉండాలంటుంది, కానీ అవసరాన్ని బట్టి ఆ ఒక్కదాన్ని వికార్ సడలించొచ్చు. లెక్క కూడా ఉంది: కనీసం ముగ్గురు, వాళ్ళలో ఇద్దరు బిడ్డతో సమాన లింగం వాళ్ళు. పాప కాబట్టి ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగాయన. ముగ్గురు దొరకని పరిస్థితిలో ఒక గాడ్‌మదర్, ఒక గాడ్‌ఫాదర్ చాలు. తల్లిదండ్రులు కూడా సొంత బిడ్డకి గాడ్‌పేరెంట్స్‌గా నిలబడొచ్చు, కానీ బయటివాళ్ళు ఇంకొకరైనా ఉండాలి.

క్లాసుల సంగతి కానన్ బి 22లో ఉంది. తన పేరిష్‌లో (ఆ చర్చి కిందున్న ప్రాంతంలో) ఉన్న బిడ్డకి బాప్తిస్మం ఇవ్వనని ఏ వికారూ అనడానికి వీల్లేదు. ఆలస్యం చేయడానికి ఒప్పుకున్న కారణం ఒక్కటే, తల్లిదండ్రులకీ గాడ్‌పేరెంట్స్‌కీ బోధించి సిద్ధం చేయడం. అనవసరంగా సాగదీస్తున్నారనిపిస్తే తల్లిదండ్రులు బిషప్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. రెండు సాయంత్రాలు సాగదీయడం కిందకి రాదు.

ఆదివారం సంగతి బి 21. ఎక్కువమంది కూడిన ఆరాధనలో ఇవ్వడం మంచిదని అది చెబుతుంది. శనివారం ఇస్తే బాప్తిస్మం చెల్లదని కాదు. అడిగి చూడొచ్చు, కానీ ఆయన వద్దంటే తప్పు పట్టలేం.

బందరు_బెల్

ఊళ్ళో "ఒక మాట చెబితే అయిపోతుంది" అన్నది కూడా పూర్తి నిజం కాదండీ. బందరు చర్చ్ మిషనరీ సొసైటీ పనిచేసిన చోటు, 1841లో నోబుల్, ఫాక్స్ దొరలు వచ్చినప్పటి నుంచీ అక్కడ ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) పద్ధతే. సీఎస్‌ఐ 1947 సెప్టెంబరు 27న ఏర్పడ్డాక కూడా ఆ వైపు సంఘాల్లో గాడ్‌పేరెంట్స్ ఆచారం నిలిచింది. మెథడిస్టు పునాది ఉన్న మెదక్ వైపు తల్లిదండ్రుల మీద, సంఘం మీద బరువు ఎక్కువ పెడతారు. రూలు లేక కాదు, అడిగేవాళ్ళు తగ్గి అలవాటు సడలింది.

గుండ్లకమ్మ

లావణ్య గారూ, మీ అత్తగారి వాళ్ళు అడిగేది తలనొప్పి కాదు, అసలు ప్రశ్న అదే. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అని మార్కు 16:16. నమ్మడం ముందు, నీళ్ళు తర్వాత. ఏడు నెలల పాప ఏం నమ్మింది? 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ సొంత నోటితో ఒప్పుకున్నవాళ్ళే. గాడ్‌ఫాదర్ ఎవరు, హాల్ ఎప్పుడు అన్న చర్చంతా పాప బదులు ఇంకొకరు మాట్లాడటం వల్ల వచ్చిందే.

సండేస్కూల్_సుధ

గుండ్లకమ్మ గారి ప్రశ్న ఆంగ్లికన్లకి కొత్త కాదు, వాళ్ళ ప్రశ్నోత్తరిలోనే ఉంది. 1662 ప్రార్థన పుస్తకంలో సూటిగా అడుగుతారు: పసితనం వల్ల మారుమనస్సు, విశ్వాసం చూపలేని శిశువులకి బాప్తిస్మం ఎందుకిస్తున్నారు అని. జవాబు: పూచీపడినవాళ్ళ ద్వారా ఆ రెండూ వాగ్దానం చేస్తున్నారు కాబట్టి, పెద్దయ్యాక ఆ వాగ్దానం నెరవేర్చడానికి ఆ బిడ్డలే బద్ధులు కాబట్టి.

అంటే ఆంగ్లికన్ లెక్కలో శిశు బాప్తిస్మం ముగిసిపోయిన పని కాదు, తీర్చాల్సిన బాకీ. ఆ బాకీ బిడ్డ తనంతట తాను తీసుకునే రోజు కన్ఫర్మేషన్, బిషప్ చేతులుంచినప్పుడు. మధ్యలో ఉన్న పది పన్నెండేళ్ళు పూచీదారులవి. కానన్ బి 22లో ఇంకో వాక్యం ఉంది, చాలామంది చూడరు: గాడ్‌పేరెంట్స్‌కి ఏ బాధ్యతలున్నాయో అవే తల్లిదండ్రులకీ ఉన్నాయని వికార్ వాళ్ళకి చెప్పి తీరాలి. అందుకే క్లాసు.

లేఖనం మాటకొస్తే, అపొస్తలుల కార్యములు 16లో లూదియ ఇంటివారు, చెరసాల నాయకుని ఇంటివారు అందరూ బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్ళలో శిశువులున్నారని రాసి లేదు, లేరనీ రాసి లేదు. ఆంగ్లికన్ సిద్ధాంత పత్రమైన 39 సూత్రాల్లో 27వది కూడా శిశు బాప్తిస్మాన్ని క్రీస్తు నియమానికి తగినదిగా కొనసాగించాలంటుంది.

గుండ్లకమ్మ

సుధ గారూ, "బాకీ" అన్నది నచ్చింది. కానీ వసూలు ఎవరు చేస్తున్నారు? బాప్తిస్మం అయ్యాక కన్ఫర్మేషన్ దాకా గాడ్‌పేరెంట్ ముఖం కనపడని ఇళ్ళే ఎక్కువ. వాగ్దానాన్ని అడిగేవాళ్ళు లేనప్పుడు అది ఆచారంగా మిగిలిపోతుందనే మా బాధ.

సండేస్కూల్_సుధ

ఆ బాధ నాదీ. అందుకే ఎవర్ని నిలబెట్టాలన్న ప్రశ్న చిన్నది కాదంటాను.

లెస్టర్_లావణ్య

మరి ఆ రోజు గాడ్‌పేరెంట్స్ ఏం అనాలి? అది ముందే తెలిస్తే వాళ్ళకి చెప్పి అడుగుతాను.

గంటస్తంభం

ఇంగ్లండులో ఇప్పుడు ఎక్కువ చోట్ల కామన్ వర్షిప్ (ఇప్పటి భాషలో ఉన్న ఆరాధన పుస్తకం) క్రమం వాడతారు. ముందు సంఘాన్ని అడుగుతారు, ఈ బిడ్డని చేర్చుకుని నిలబెడతారా అని. తర్వాత తల్లిదండ్రుల్నీ గాడ్‌పేరెంట్స్‌నీ రెండు ప్రశ్నలు: ఈ బిడ్డ కోసం ప్రార్థించి, మీ మాదిరి వల్ల విశ్వాసుల సంఘంలోకి తీసుకొచ్చి, క్రీస్తు మార్గంలో కలిసి నడుస్తారా? శ్రద్ధగా చూసుకుని, క్రీస్తు సంఘపు జీవితంలోనూ ఆరాధనలోనూ తన స్థానం తీసుకునేలా సాయపడతారా? రెండింటికీ జవాబు "దేవుని సహాయంతో చేస్తాం".

ఆ తర్వాత నిర్ణయపు ప్రశ్నలు ఆరు. మూడు వదులుకోవడాలు: సాతానునీ దేవుని మీద తిరుగుబాటునీ, కీడులోని మోసాన్నీ భ్రష్టత్వాన్నీ, దేవుని నుంచీ పొరుగువారి నుంచీ విడదీసే పాపాల్నీ. మూడు తిరగడాలు: రక్షకుడైన క్రీస్తు వైపు తిరగడం, ప్రభువైన క్రీస్తుకి లోబడటం, మార్గమూ సత్యమూ జీవమూ అయిన క్రీస్తు దగ్గరికి రావడం. ఇవి గాడ్‌పేరెంట్ తన తరఫునా బిడ్డ తరఫునా పలకాలి. మీ హిందూ మిత్రుడి చేత ఇవి పలికించడం ఆయనకీ న్యాయం కాదు. ఆయన మీద చిన్నచూపు వల్ల పెట్టిన షరతు కాదది, మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరి చేతా ఒట్టు పెట్టించకూడదని.

2015లో తేలిక భాషలో ఇంకో పాఠం కూడా ఆమోదించారు, అందులో ప్రశ్నలు పొట్టిగా ఉంటాయి. మీ వికార్ గారు ఏది వాడతారో అడిగి, ఆ పేజీ ఫొటో గాడ్‌పేరెంట్స్‌కి పంపండి.

లీడ్స్_నర్సు

ఆ స్నేహితుణ్ణి పక్కన పెట్టాల్సిన పని లేదు. ముందు వరసలో కూర్చోబెట్టి, ఒక పఠనమో శుభాకాంక్షో ఇవ్వమని అడగొచ్చు. చాలా పేరిష్‌లు దీనికి ఒప్పుకుంటాయి. రిజిస్టరులో మాత్రం గాడ్‌పేరెంట్‌గా పేరెక్కదు.

నెల్లూరు_నాని

గాడ్‌పేరెంట్ అంటే మనకేమన్నా అయితే పిల్లని పెంచేవాళ్ళు కదా? అందుకే తమ్ముడిని పెడదామని చాలామంది అనుకుంటారు.

గంటస్తంభం

కాదు. చట్టరీత్యా గాడ్‌పేరెంట్‌కి ఏ హక్కూ రాదు. ఇంగ్లండులో సంరక్షకుణ్ణి నియమించాలంటే విల్లులోనో, తేదీ వేసి సంతకం పెట్టిన వేరే కాగితంలోనో పేరు రాయాలి. ఇద్దరూ ఒకరే కావచ్చు, కానీ ఒక కాగితం ఇంకోదాని పని చేయదు.

సండేస్కూల్_సుధ

ఎవర్ని ఎంచుకోవాలన్న దానికి నా మాట. బహుమతి ఎవరు పెద్దది తెస్తారని కాదు, ఎవరు నొచ్చుకుంటారని కాదు. మూడు పనులు చేయగలరా చూడండి.

ఒకటి, బిడ్డ పేరు పెట్టి క్రమంగా ప్రార్థిస్తారా. రెండు, బిడ్డకి నాలుగైదేళ్ళు వచ్చేసరికి ఫోన్లోనైనా పరలోక ప్రార్థన, ఆరేడేళ్ళకి పది ఆజ్ఞలు, ఆ తర్వాత అపొస్తలుల విశ్వాస ప్రమాణం నేర్పిస్తారా. 1662 క్రమం గాడ్‌పేరెంట్స్‌కి చివర్లో అప్పగించే పని సరిగ్గా ఇదే: ఈ మూడూ బిడ్డకి అర్థమయ్యే భాషలో నేర్పించి, వాక్యం వినడానికి తీసుకొచ్చి, కన్ఫర్మేషన్ కోసం బిషప్ దగ్గరికి చేర్చడం. మూడు, పదమూడేళ్ళ వయసులో బిడ్డ "నేను చర్చికి రాను" అన్న రోజున తల్లిదండ్రులు కాకుండా తను మాట్లాడగల మనిషి అవుతారా. మూడోది ఎవరూ ఆలోచించరు, అన్నిటికంటే అక్కరకొచ్చేది అదే.

దూరంగా ఉన్న మేనమామ కంటే, అదే చర్చిలో వారం వారం కనపడే ఒక పెద్దావిడ మంచి గాడ్‌మదర్ కావచ్చు. ముగ్గురిలో ఒకరైనా మీరున్న ఊళ్ళో ఉండాలని గట్టిగా చెబుతాను.

దోర్నకల్_దాసు

సుధ గారు చెప్పిన మూడు పాఠాలే దోర్నకల్‌లో బాప్తిస్మానికి ముందు పెద్దవాళ్ళకీ నేర్పేవారు. చదువు రాని ఊళ్ళు కాబట్టి పాటలు, కథలు చేసి కంఠస్తం చేయించేవారు. అజరయ్య బిషప్ గారు 1912 డిసెంబరు 29న అభిషిక్తులయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి ఒక మాట అనిపించేవారు: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ. మొదటి కొరింథీ 9:16 అది. నీళ్ళు పడ్డ చోటే చెయ్యి పెట్టించడం చూడండి. బాప్తిస్మం అంటే సభ్యత్వ కార్డు కాదు, పని అప్పగింత అని దానికంటే తేటగా ఎవరూ చెప్పలేదు.

నెల్లూరు_నాని

ఒక చిన్న ప్రశ్న. బాప్తిస్మంతోనే బిడ్డ తిరిగి జన్మించినట్టా? ఆంగ్లికన్లు ఏమంటారు?

గంటస్తంభం

చిన్న ప్రశ్న కాదది, దాని మీద ఇంగ్లండు సుప్రీం స్థాయిలో కేసు నడిచింది. 1847లో గోరమ్ అనే ఫాదరీకి డెవన్‌లో ఒక పేరిష్ వచ్చింది. ఎక్సెటర్ బిషప్ ఫిల్‌పాట్స్ ఆయన్ని రోజుల తరబడి ప్రశ్నించి, శిశువుకి బాప్తిస్మంలోనే తప్పకుండా పునర్జన్మ కలుగుతుందని ఒప్పుకోలేదని నియామకం ఆపేశారు. 1850లో ప్రివీ కౌన్సిల్ గోరమ్ పక్షాన తీర్పిచ్చింది. దాంతో కొందరు పెద్ద ఫాదరీలు రోము సంఘంలోకి వెళ్ళిపోయారు, మానింగ్ వాళ్ళలో ఒకరు. అప్పటి నుంచి రెండు అభిప్రాయాలవాళ్ళూ ఒకే సంఘంలో ఉన్నారు. ఇద్దరూ ఒప్పుకునేది ఇది: దేవుడే క్రియ చేస్తాడు, బిడ్డ క్రీస్తు శరీరంలోకి అంటుకట్టబడుతుంది, రోమా 6 ప్రకారం ఆయన మరణంలోనూ పునరుత్థానంలోనూ పాలు పొందుతుంది, పెద్దయ్యాక విశ్వాసంతో దాన్ని పట్టుకోవాలి.

వెస్ట్రీ_వెంకట్

అర్థం గురించి బాగా చెప్పారు. ఆ రోజు బాప్తిస్మపు తొట్టి దగ్గర తప్పులు ఎక్కడ జరుగుతాయో నేను చెబుతాను.

రాతి తొట్టి చలికాలంలో నీళ్ళని నిమిషాల్లో చల్లబరుస్తుంది. అందుకే ముందే పోసి ఉంచరు. గోరువెచ్చని నీళ్ళు రెండు మూడు లీటర్లు జగ్గులో పక్కన పెట్టుకుని, నీటి మీద ప్రార్థనకి ముందు అందరికీ వినపడేలా పోస్తారు. ఆ జగ్గు పిల్లల చేత మోయించడం మంచి పద్ధతి. వెనక నిలబడ్డవాళ్ళకి కూడా నీళ్ళ చప్పుడు వినపడాలి.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది: కొబ్బరినూనె. పొద్దున తలకి బాగా నూనె పెట్టి తెస్తే నీళ్ళు జుట్టు మీద ముత్యాల్లా దొర్లి జారిపోతాయి, చర్మాన్ని తాకవు. పైగా నీళ్ళతో తడిసిన నూనె తల ఫాదర్ అరచేతిలో నిలవదు. ముందు రోజు తలస్నానం చేయించి, ఆ పొద్దున నూనె మానేయండి. నీళ్ళు పారాలి, చర్మానికి తగలాలి. తడి బొటనవేలితో నుదుట గీసి వదిలేయడం సరిపోదు.

గౌను సంగతి. జారుడు శాటిన్, కాళ్ళ కింద ఒక గజం వేలాడేది కొంటారు. ఎత్తుకున్నవాళ్ళ కాలికి చుట్టుకుంటుంది. మెడ దగ్గర వెనక బొత్తాలున్న నూలు గౌను మేలు, తడిస్తే విప్పడం తేలిక. లోపల మామూలు బనీను వేయండి. పాపకి పాలు ఆరాధనకి అరగంట ముందు పట్టండి. నిండు కడుపుతో వెల్లకిలా పడుకోబెడితే కక్కుతుంది, ఆకలితో ఉంటే తొట్టి దాకా రానివ్వదు.

ముంచడమా పోయడమా అంటే, 1662 క్రమం మొదట చెప్పేది ముంచడమే, జాగ్రత్తగా ముంచమని. బిడ్డ బలహీనంగా ఉంటే పోయమంటుంది. ఇప్పుడు ఎక్కువ చోట్ల పోస్తారు, ముంచమని అడిగితే ఇచ్చే చర్చిలూ ఉన్నాయి. తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు పోయడం వాడుక.

గుండ్లకమ్మ

ముంచడం వాళ్ళ పుస్తకంలోనే ముందుందని చాలామంది ఆంగ్లికన్లకే తెలియదు. మంచి మాట చెప్పారు వెంకట్ గారూ.

లెస్టర్_లావణ్య

నూనె గురించి ఇక్కడ ఎవరూ చెప్పేవారు కాదు. మరి ఫాదర్ రాసే నూనె వేరా?

వెస్ట్రీ_వెంకట్

వేరే. అది ఆలివ్ నూనె, నుదుట సిలువ గుర్తు వేసేటప్పుడు ఒక చుక్క. కొన్ని చోట్ల బాప్తిస్మం తర్వాత సుగంధం కలిపిన క్రిజం కూడా రాస్తారు, దాన్ని బిషప్ పరిశుద్ధ గురువారం నాడు ఆశీర్వదిస్తారు. రెండూ ఐచ్ఛికం. నూనె లేకుండా సిలువ గుర్తు ఒక్కటే వేసే చర్చిలు బోలెడు. చివర్లో వెలిగించిన కొవ్వొత్తి ఇస్తారు, లోకంలో వెలుగుగా ప్రకాశించమని. దాన్ని పాప చేతికి కాకుండా గాడ్‌పేరెంట్ చేతికి ఇప్పించండి, పలచటి గౌను దగ్గరికి మంట రానివ్వొద్దు.

రిజిస్టర్_రాణి

పేరు దగ్గర మన తెలుగువాళ్ళు ఎప్పుడూ ఇరుక్కుంటారు. తొట్టి దగ్గర "ఈ బిడ్డ పేరేమిటి" అన్నప్పుడు పెట్టిన పేరు మాత్రమే చెప్పాలి, ఇంటిపేరు కాదు. మనం అలవాటుగా ఇంటిపేరుతో మొదలెడితే ఫాదర్ దాన్నే పట్టుకుని బాప్తిస్మం ఇచ్చేసే ప్రమాదం ఉంది. పెట్టిన పేరు పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి, పలికే తీరు కూడా కింద రాసి ముందే ఇవ్వండి.

రిజిస్టరులో ఇంటిపేరు గడి వేరుగా ఉంటుంది. పాస్‌పోర్టులో, జనన ధ్రువపత్రంలో ఎలా ఉంటే అలాగే రాయించండి. సంతకాలకి ముందు అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత దిద్దడం అంటే సాక్షుల సమక్షంలో అంచున రాసి సంతకాలు పెట్టే పెద్ద తతంగం.

బాప్తిస్మం వల్ల చట్టపరమైన పేరు దానంతటదే మారదు. జననం నమోదైన 12 నెలల్లోపు బాప్తిస్మంలో వేరే పేరు పెడితే, ఆ ధ్రువపత్రంతో జనన రిజిస్టరులో చేర్పించుకునే వీలు ఇంగ్లండులో ఉంది. గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

ఫీజు అడిగితే ఇవ్వకండి. బాప్తిస్మానికి రుసుము తీసుకోకూడదని 1872లోనే చట్టం చేశారు. కానుక మీ ఇష్టం.

నెల్లూరు_నాని

స్కూల్ సీటు కోసం కూడా సర్టిఫికెట్ పనికొస్తుందంటారు కదా?

రిజిస్టర్_రాణి

కేథలిక్ స్కూళ్ళు బాప్తిస్మపు సర్టిఫికెట్ అడుగుతాయి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ స్కూళ్ళలో మతం చూసేవి ఎక్కువగా హాజరు చూస్తాయి, వికార్ సంతకం చేసిన ఫారం కావాలి. ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి, కొన్ని అసలు ఏదీ చూడవు. సీటు కోసమే బాప్తిస్మం అడగడం మాత్రం బిడ్డ తరఫున అబద్ధపు ప్రమాణం చేయడమే.

లెస్టర్_లావణ్య

మాది సీటు కోసం కాదండీ. ఇప్పుడు అసలు చిక్కు: గాడ్‌ఫాదర్‌గా మావారి తమ్ముడు అయితే? తను బాప్టిస్టు, పదిహేడేళ్ళకి ముంచి బాప్తిస్మం పొందాడు. ఇంకో వదిన వరస ఆమె "యేసు నామంలోనే" ఇచ్చే సంఘంలో పొందింది.

గంటస్తంభం

తమ్ముడిది చెల్లుతుంది. నీళ్ళు, త్రియేక దేవుని నామం రెండూ ఉన్నాయి. కన్ఫర్మేషన్ లేదు కాబట్టి వికార్ సడలించాలి, అడిగితే సాధారణంగా సడలిస్తారు.

వదిన గారి విషయం కష్టం. మత్తయి 28:19లో ఉన్నట్టు "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అన్న మాటలతో ఇవ్వకపోతే ఆంగ్లికన్లు దాన్ని బాప్తిస్మంగా ఎంచరు, కేథలిక్కులూ ఎంచరు. మన రెండు రాష్ట్రాల్లో స్వతంత్ర సంఘాలు చాలా ఉన్నాయి కాబట్టి ఏ మాటలు పలికారో ముందే కనుక్కోండి. క్లాసు రోజు బయటపడితే అందరికీ ఇబ్బంది. ఏ మాటలన్నారో ఎవరికీ గుర్తులేక నిజంగా సందేహమే మిగిలితే షరతుతో కూడిన క్రమం ఉంది: "నీవు ఇదివరకే బాప్తిస్మం పొందియుండకపోతే" అని మొదలుపెట్టి ఇస్తారు. అది సందేహానికి మందు, రెండోసారి ఇవ్వడానికి దొడ్డిదారి కాదు.

గుండ్లకమ్మ

తమ్ముడికి నియమం అడ్డు లేదు సరే, మనస్సాక్షి అడ్డు రావచ్చు. శిశు బాప్తిస్మం సరికాదని నమ్మేవాడు శిశువు తరఫున ప్రమాణం చేయడం ఎలా? ముందు అతన్నే అడగండి, మొహమాటపెట్టకండి.

సండేస్కూల్_సుధ

గుండ్లకమ్మ గారితో ఏకీభవిస్తాను. లావణ్య గారూ, ఇంకో సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇప్పుడు బాప్తిస్మం ఇప్పించి, పద్దెనిమిదేళ్ళకి అత్తగారి వైపు కోరిక మీద మళ్ళీ నదిలో ముంచుదాం అనుకుంటే ఆంగ్లికన్ సంఘంలో కుదరదు. బాప్తిస్మం ఒక్కసారే. సీఎస్‌ఐలో కూడా రెండోసారి పొందినవాళ్ళ వల్ల గొడవలు ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు. పెద్దయ్యాక నీళ్ళతో కూడిన గుర్తు కావాలంటే బాప్తిస్మ విశ్వాసాన్ని తిరిగి ప్రకటించే క్రమం కామన్ వర్షిప్‌లో ఉంది, కానీ అది రెండో బాప్తిస్మంలా కనపడకూడదని అందులోనే రాసి ఉంది.

భార్యాభర్తలకి ఇంకా ఒక మాట కుదరకపోతే, ముందు బిడ్డ కోసం కృతజ్ఞతా ఆరాధన పెట్టించుకోవచ్చు. దానికీ క్రమం ఉంది. అందులో నీళ్ళు లేవు, అది బాప్తిస్మానికి బదులు కాదు, తర్వాత బాప్తిస్మానికి అడ్డూ కాదు. మీ అత్తగారు కూడా మనసారా నిలబడగలరు.

బందరు_బెల్

నేను ఒప్పుకోను సుధ గారూ. అందరూ ఒప్పుకునేదాకా ఆగితే ఆ రోజు రాదు. తల్లి సీఎస్‌ఐ, తండ్రికి అభ్యంతరం లేదు, చర్చి సిద్ధంగా ఉంది. అత్తమామల అభిప్రాయాన్ని గౌరవించడం వేరు, బిడ్డ బాప్తిస్మాన్ని దానికి కట్టేయడం వేరు.

సండేస్కూల్_సుధ

తండ్రికి అభ్యంతరం లేదని లావణ్య గారు ఇంకా చెప్పలేదండీ. తొట్టి దగ్గర "క్రీస్తు మార్గంలో కలిసి నడుస్తారా" అన్న ప్రశ్న ఆయన్ని కూడా అడుగుతారు.

లెస్టర్_లావణ్య

ఆయనకి ఇష్టమే, నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ కూర్చుని చదివారు. తమ్ముడిని మాత్రం ఇబ్బంది పెట్టొద్దన్నారు. చర్చిలో మా పక్కన కూర్చునే కేరళ సీఎస్‌ఐ దంపతులిద్దర్నీ, బందరులో ఉన్న మా అక్కనీ అడుగుదామనుకుంటున్నాం. అక్కకి వీసా రాదు. తను లేకుండా పేరు రాస్తారా?

రిజిస్టర్_రాణి

బదులు నిలబడే మనిషిని పెట్టడం పాత ఆచారమే. ఆమె తరఫున ఇంకొకరు జవాబులు చెబుతారు, రిజిస్టరులో గాడ్‌మదర్‌గా అక్క పేరే ఎక్కాలి. వికార్ గారి ఒప్పుదల ముందే తీసుకోండి. అక్క బాప్తిస్మం, కన్ఫర్మేషన్ వివరాలు బందరు అయ్యగారి దగ్గర లెటర్‌హెడ్ మీద రాయించండి: పేరు, తేదీ, చర్చి, ఇచ్చిన గురువు. పాత పుస్తకం చెదలు తిని ఉంటే, చూసిన ఒకరి సాక్ష్యం రాతపూర్వకంగా ఇప్పించండి.

లీడ్స్_నర్సు

చర్చ కొంచెం పక్కకి పోతుంది కానీ, తెలుసుకోవాల్సింది ఒకటి. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఇవేవీ అక్కర్లేదు. గాడ్‌పేరెంట్స్ వద్దు, నూనె వద్దు, ఫాదరే వద్దు. ఎవరైనా, అమ్మమ్మైనా నర్సైనా, బిడ్డ మీద నీళ్ళు పోసి, పేరు చెప్పి, "తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున నీకు బాప్తిస్మమిస్తున్నాను" అంటే అది పూర్తి బాప్తిస్మం. "ఇస్తున్నాము" కాదు, "ఇస్తున్నాను". ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డకి స్టెరైల్ నీళ్ళ నాలుగు చుక్కలు చాలు, గొట్టాలూ టేపులూ తడవకుండా చూడమని డ్యూటీలో ఉన్నవాళ్ళని అడగాలి. ఆసుపత్రి చాప్లిన్ని (అక్కడి గురువుని) రాత్రైనా పిలిపిస్తారు, మొహమాటపడొద్దు. తర్వాత వివరాలు పేరిష్‌కి ఇస్తే రిజిస్టరులో ఎక్కిస్తారు. బిడ్డ కోలుకుంటే చర్చికి తెచ్చి మిగతా క్రమం జరిపిస్తారు, నీళ్ళు మాత్రం మళ్ళీ పోయరు.

వ్యవధి చాలక బాప్తిస్మం లేకుండానే బిడ్డ పోతే, ఆ బిడ్డ రక్షణ గానీ క్రైస్తవ సమాధి కార్యక్రమం గానీ దాని మీద ఆధారపడలేదని కామన్ వర్షిప్ అత్యవసర క్రమంలోనే రాసి ఉంది. ఆ తల్లిదండ్రులకి ఎవరైనా వేరేగా చెబితే నమ్మకండి, అలా చెప్పనివ్వకండి.

దోర్నకల్_దాసు

నర్సు గారూ, ఆఖరి మాట ప్రతి సంఘంలో చదివి వినిపించాలి.

నెల్లూరు_నాని

పెద్దవాళ్ళకైతే? హిందూ కుటుంబం నుంచి వచ్చిన అల్లుడు తీసుకుంటానంటే?

గంటస్తంభం

పెద్దవాళ్ళ క్రమం వేరు. శిశువుల క్రమం ముందు నుంచీ ఉంది, ఇది 1662లో చేరింది. ముగ్గురు, కనీసం ఇద్దరు పూచీదారుల్ని అతనే ఎంచుకోవాలి. వికార్ కనీసం వారం ముందు బిషప్‌కి తెలియజేయాలి. జవాబులన్నీ అతని సొంత నోటితోనే. బాప్తిస్మం తర్వాత కన్ఫర్మేషన్ ఎక్కువ ఆలస్యం కాకూడదు, బిషప్ వస్తే రెండూ ఒకే ఆరాధనలో అవుతాయి. సిద్ధపాటుకి లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాస కాలం) నలభై రోజులు, బాప్తిస్మానికి ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన. తొలి సంఘాల నాటి నుంచీ వచ్చిన వాడుక, ఇప్పటికీ అంతకంటే మంచి సమయం లేదు.

లెస్టర్_లావణ్య

కేరళ దంపతులు ఒప్పుకున్నారు, అక్క కూడా. ఇంకొక్కటి అడుగుతాను. మా అమ్మ వీడియోలో చూస్తుంది. ఆరాధనలో ఒక్క పాఠమైనా తెలుగులో చదవొచ్చా? ఏది చదవాలి?

సండేస్కూల్_సుధ

అడిగితే సాధారణంగా కాదనరు. మార్కు 10:13–16 తీసుకోండి, చిన్నబిడ్డలను నా యొద్దకు రానియ్యుడి అన్న భాగం. 1662 శిశు బాప్తిస్మ క్రమంలో నియమించిన సువార్త పాఠం అదే కాబట్టి వికార్ గారికీ అభ్యంతరం ఉండదు. నాలుగు వచనాలు, నిమిషం పట్టదు. అదే భాగం ఇంగ్లీషులో ఆరాధన కాగితం మీద అచ్చు వేయించమనండి, సంఘం చూస్తూ వింటుంది. చదివేది మైకు దగ్గర నిలబడి చదవాలి, లేకపోతే బందరులో అమ్మగారికి వినపడదు.